మొదటి బండి రెండేళ్ల బండి

మన దేశంలో 18 నిండినవాళ్లు ఎవరైనా ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, నెల రోజులు ఆగి, ఇంట్లో ఉన్న స్ప్లెండర్ మీద ఆర్టీఓ ట్రాక్‌లో ఎనిమిది తిప్పి చూపిస్తే లైసెన్స్ వచ్చేస్తుంది. ఆ కార్డు మీద గేర్లున్న మోటార్ సైకిల్ అని ఒకటే తరగతి ఉంటుంది. 97 సీసీ బండికీ అదే కార్డు, 1000 సీసీ బండికీ అదే కార్డు. స్ప్లెండర్ మీద టెస్టు పాసైన కుర్రాడు కార్డు చేతికొచ్చిన మర్నాడే షోరూమ్‌కి వెళ్లి, దానికి మూడు రెట్లు బలమున్న బండి తాళాలు తీసుకున్నా చట్టం ఒక్క మాట అడగదు.

చట్టం అడగదు కాబట్టి ఇంట్లోవాళ్లం అడగాలి. నేర్చుకునేవాళ్ల మొదటి బండి వేరు, వాళ్లు కలలు కనే బండి వేరు. మొదటి బండిని రెండేళ్ల కోసమే అనుకుని కొనాలి. అది తేలిగ్గా ఉండాలి, రెండు పాదాలూ నేల మీద ఆనాలి, బ్రేకులు బాగుండాలి, బలం 12 హార్స్‌పవర్ దగ్గర ఆగాలి. ఆ రెండేళ్లు అయ్యాక ఏది కొనుక్కుంటారో వాళ్ల ఇష్టం, నేను అడ్డు చెప్పను.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం మా మేనల్లుడు. తెనాలిలో ఉండే మా చెల్లెలి కొడుకు. ఇంజనీరింగ్‌లో చేరాడు, 18 నిండాయి, ఎల్‌ఎల్‌ఆర్ వచ్చింది. వాళ్ల నాన్న స్ప్లెండర్ మీద నేర్చుకుంటున్నాడు. మొన్న ఇంటికొచ్చి, "మావయ్యా, డ్యూక్ 200 తీసుకుందామనుకుంటున్నా. అమ్మకి నువ్వే నచ్చజెప్పాలి" అన్నాడు. ముందు ఏదైనా 125 తీసుకోరా అంటే వాడి మొహం పడిపోయింది. "కాలేజీలో అందరూ అవి అంకుల్స్ బళ్లు అంటారు మావయ్యా. అలాంటిది కొనేకంటే బస్సులో పోవడం నయం" అన్నాడు.

ఆ మాటని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. మన ఇళ్లలో ఒక కుర్రాడికి తనదంటూ దొరికే మొదటి పెద్ద వస్తువు బండే. సెల్‌ఫోన్ అందరికీ ఉంటుంది. మంచం, బీరువా, చదువుకునే గది తమ్ముడితో పంచుకోవాలి. బండి మాత్రం తన పేరున, తన ఇష్టానికి కదిలేది. దాని మీద ఆశ పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. మా తరానికి ఆర్‌ఎక్స్ 100 ఉండేది. 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది, ఇప్పటికీ రోడ్డు మీద ఆ చప్పుడు వినిపిస్తే నలభై దాటినవాళ్లం తల తిప్పి చూస్తాం. కాబట్టి వాడి కోరికతో నాకు పేచీ లేదు. పేచీ అల్లా వరుసతోనే. డ్యూక్ వద్దనడం లేదు, ముందే వద్దంటున్నాను.

బయటి దేశాల్లో ఈ వరుసని చట్టమే పెట్టింది. ఇంగ్లండ్ సంగతి చూడండి. అక్కడ ముందు సీబీటీ అనే తప్పనిసరి శిక్షణ పూర్తి చేస్తే గాని రోడ్డెక్కనివ్వరు. అది పూర్తయ్యాక కూడా ఎల్ బోర్డుతో 125 సీసీ లోపు బండే నడపాలి, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు, మోటార్‌వే ఎక్కకూడదు. 17 ఏళ్లకి ఏ1 లైసెన్స్, అంటే 125 సీసీ, 11 కిలోవాట్ల లోపు, మన లెక్కలో సుమారు 15 హార్స్‌పవర్. 19కి ఏ2, 35 కిలోవాట్ల వరకు. పరిమితి లేని లైసెన్స్ నేరుగా కావాలంటే 24 ఏళ్లు రావాలి, ఏ2 మీద రెండేళ్లు నడిపినవాళ్లకైతే 21కే ఇస్తారు. రోడ్లు నున్నగా ఉండి, గేదెలు అడ్డం రాని దేశంలోనే ఇన్ని మెట్లు పెట్టుకున్నారు.

మన దగ్గర మెట్టు అనదగ్గది ఒక్కటే ఉంది. 16 నిండినవాళ్లు పెద్దల అంగీకారంతో 50 సీసీ దాటని, గేర్లు లేని బండి నడపవచ్చు. అలాంటి పెట్రోల్ బండి ఇప్పుడు షోరూమ్‌లో దాదాపు దొరకదు. ఊళ్లలో టీవీఎస్ ఎక్స్‌ఎల్‌కి లైసెన్స్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు గాని, ఎక్స్‌ఎల్ 100 ఇంజన్ 99.7 సీసీ. దానికీ 18 ఏళ్లు, లైసెన్స్ రెండూ కావాలి. 2019లో చట్టం మార్చాక మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఉండదు. తొమ్మిదో తరగతి పిల్లలు బడికి బండి మీద రావడం రోజూ చూస్తున్న టీచర్‌గా చెబుతున్నాను, ఈ సెక్షన్ సంగతి చాలామంది తల్లిదండ్రుల దాకా చేరనే లేదు.

విచిత్రం ఏంటంటే, లైసెన్స్‌కి లేని మెట్లు ఇన్సూరెన్స్‌కి ఉన్నాయి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ ప్రీమియం చూడండి. 75 నుంచి 150 సీసీ వరకు ఏడాదికి 714 రూపాయలు, 150 నుంచి 350 వరకు 1,366, 350 దాటితే 2,804. బండి పెద్దదయ్యే కొద్దీ దాని వల్ల జరిగే నష్టం కూడా పెద్దదని ప్రీమియం కట్టించుకునేవాళ్లు లెక్క వేసుకున్నారు. లైసెన్స్ ఇచ్చేవాళ్లు వేసుకోలేదు.

అయితే సీసీ ఒక్కటే చూస్తే మోసపోతాం. షోరూమ్‌లో అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎంత సీసీ?" అనే. యమహాలోనే రెండు బళ్లు తీసుకోండి. ఎఫ్‌జెడ్ 149 సీసీ, ఆర్15 155 సీసీ. అంకెల్లో తేడా ఆరే. కానీ ఎఫ్‌జెడ్ బలం 12.4 హార్స్‌పవర్, ఆర్15 బలం 18.4. ఒకటి నింపాదిగా సాగే బండి, రెండోది వంగి కూర్చుని రేస్ ట్రాక్ మీద తిప్పడానికి పుట్టిన బండి. ఇటు చూస్తే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి ఇంజన్ అంత పెద్దదైనా బలం 20 హార్స్‌పవర్ చిల్లర. డ్యూక్ 200కి దాదాపు 25. క్లాసిక్ బరువు 195 కిలోలు, డ్యూక్ సుమారు 160. అంటే పేరులో 200 ఉన్న బండే 350 కంటే చాలా దూకుడుగా లాగుతుంది. వాళ్ల నాన్న స్ప్లెండర్‌ది 8 హార్స్‌పవర్, 112 కిలోలు. ఆ బండి మీద మణికట్టు ఎంత తిప్పడం అలవాటైందో, అంతే తిప్పితే డ్యూక్ ఎక్కడ ఉంటుందో ఆలోచించండి.

కొత్తవాళ్లు యాక్సిలరేటర్‌ని తెలిసి తిప్పడం వేరు, తెలియకుండా తిప్పడం వేరు. ప్రమాదమంతా రెండోదాంట్లో ఉంది. గుంతలో ముందు చక్రం పడుతుంది, ఒళ్లు వెనక్కి ఊగుతుంది, పడిపోతామని హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటారు. ఆ పట్టుకోవడంలో కుడి మణికట్టు కిందికి దిగుతుంది, రేజ్ పెరుగుతుంది, బండి ముందుకి ఉరుకుతుంది, ఒళ్లు ఇంకా వెనక్కి పోతుంది. 8 హార్స్‌పవర్ బండి అయితే ఇంజన్ గట్టిగా అరిచి నాలుగు అడుగులు ముందుకి పోతుంది, ఈలోపు క్లచ్ నొక్కేస్తారు. 25 హార్స్‌పవర్ బండి అయితే క్లచ్ గుర్తొచ్చేలోపే ముందున్న ఆటోకి తగులుతుంది. ఇది కుర్రాళ్ల పొగరు వల్ల జరిగేది కాదు. ఎంత బుద్ధిమంతుడికైనా మొదటి ఏడాది చేతులు ఇలాగే చేస్తాయి.

గేర్ల సంగతి కూడా ఉంది. స్ప్లెండర్‌లో నాలుగు గేర్లూ కిందికి నొక్కితే పడతాయి. డ్యూక్ లాంటి వాటిలో మొదటి గేరు కిందికి, మిగతావన్నీ పైకి. మామూలుగా వెళ్తున్నప్పుడు ఈ తేడా గుర్తుంటుంది. వెనక లారీ హారన్ కొడుతున్నప్పుడు, టెన్షన్‌లో కాలు పాత అలవాటుకే పోతుంది. పై గేరు వేద్దామని కిందికి నొక్కితే వేగంలో ఉన్న బండి చిన్న గేరులోకి దిగి, వెనక చక్రం పట్టేసినట్టై పక్కకి జారుతుంది. 5 గేర్ల 125లు చాలావరకు ఈ రెండో పద్ధతివే. అందుకే మా వాడిని 100 మీదే ఉండిపొమ్మని అనడం లేదు. కాలు అలవాటు మార్చుకోవాల్సిందేదో 11 హార్స్‌పవర్ దగ్గరే మార్చుకోమంటున్నాను.

బరువు, ఎత్తు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బ్రోచర్‌లో వాటిని చివరి పేజీలో వేస్తారు, ఎవరూ చదవరు. సీటు ఎత్తు స్ప్లెండర్‌కి 785 మిల్లీమీటర్లు, టీవీఎస్ రైడర్ 125కి 780. క్లాసిక్ 350కి 805, ఆర్15కి 815, డ్యూక్ 200కి 820 పైమాటే. మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా ఏముందిలే అనిపిస్తుంది. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి మడమ నేలకి ఆనడానికీ, మునివేళ్లు మాత్రమే ఆనడానికీ మధ్య తేడా సరిగ్గా అంతే.

మా బడిలో నాతో పాటు పనిచేసే ఒక మేడం గేర్ల బండి నేర్చుకుంటానని అడిగారు. మనిషి అయిదడుగులు. స్కూటీ ఉందిగా, గేర్ల బండి ఆడవాళ్లకెందుకని ఇంట్లో అన్నారట. ఆవిడ మాత్రం, "మా నాన్నగారి బండి షెడ్డులో తుప్పు పడుతోందండీ, దాన్ని నేనే నడపాలి" అని పట్టుబట్టారు. అది పాత 125. ఆదివారం పొద్దున్నే బడి గ్రౌండులో నేర్పడం మొదలుపెట్టాను. మొదటి రోజు యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వలేదు. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్‌ని వెంట్రుక వాసి చొప్పున వదలమన్నాను. ఆవిడ ఎడమ చేతి నాలుగు వేళ్లూ లివర్ మీద తెల్లబడేలా బిగుసుకుపోయాయి. ఒక చోటికి వచ్చేసరికి ఇంజన్ చప్పుడు కాస్త బరువెక్కుతుంది, హ్యాండిల్ సన్నగా వణుకుతుంది, బండి దానంతటదే కదులుతుంది. ఆ చోటు దొరికితే అక్కడే వేళ్లని ఆపాలి. అదే హాఫ్ క్లచ్. ఆవిడ రెండు కాళ్లూ నేల మీద ఆనించి, బండి నడుస్తుంటే తనూ నడుస్తూ గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లారు. ఆగిపోయినప్పుడల్లా మళ్లీ స్టార్ట్ చేశారు. పాదాలు పూర్తిగా ఆనుతున్నాయి కాబట్టే భయపడకుండా అలా నడవగలిగారు. మునివేళ్ల మీద నిలబడాల్సిన బండి అయ్యుంటే ఆవిడ మనసంతా కాళ్ల మీదే ఉండేది, చేతికి క్లచ్ వచ్చేది కాదు.

బరువు కూడా ఇలాంటిదే. బండి సరిగ్గా నిలబడి ఉన్నంతసేపూ 195 కిలోలైనా తెలియదు. పది డిగ్రీలు వాలాక తెలుస్తుంది. నేను చూసినంతలో కొత్తవాళ్లు ఎక్కువగా పడేది వేగంలో కాదు. సందులో యూ టర్న్ తిప్పుతూ, పెట్రోల్ బంక్‌లో లైనులో కదులుతూ, గుడి దగ్గర పార్కింగ్‌లో బండి వెనక్కి నెడుతూ పడతారు. అక్కడ 112 కిలోల బండిని తొడతో ఆపవచ్చు. 195 కిలోల బండి వాలడం మొదలుపెడితే ఆపాలని చూడకూడదు, వదిలేసి పక్కకి తప్పుకోవాలి, లేకపోతే కాలు కింద ఇరుక్కుంటుంది. అందుకే షోరూమ్‌కి వెళ్లినప్పుడు టెస్ట్ డ్రైవ్ కంటే ముందు ఒక పని చెయ్యండి. ఇంజన్ ఆపి, సీటు మీద కూర్చుని, కాళ్లతో బండిని వెనక్కి పది అడుగులు నెట్టండి. తర్వాత దిగి, పక్కన నిలబడి, హ్యాండిల్ పట్టుకుని ఒక గుండ్రం తిప్పండి. మీరు వేసుకునే చెప్పులతోనే వెళ్లండి, ఆ రోజు కోసం మందపాటి బూట్లు వేసుకోకండి. ఇది మీ వల్ల కాకపోతే ఆ బండి మీ మొదటి బండి కాదు.

చీర, చున్నీ కట్టుకునేవాళ్లు చైను కూడా చూసుకోవాలి. 100, 125 సీసీ బళ్లలో కొన్నిటికి చైను మొత్తం రేకు డబ్బాలో ఉంటుంది. స్పోర్ట్స్ బళ్లకి పైన చిన్న ప్లాస్టిక్ ముక్క తప్ప చైను బయటికే. చున్నీ వెనక్కి ఎగిరి చైనులో పడితే ఏమవుతుందో గుంటూరు, విజయవాడల్లో ఏ కాజువాలిటీ నర్సుని అడిగినా చెబుతుంది.

ఇక బ్రేకులు. మన ఊళ్లలో బండి నేర్పే ప్రతి అన్నయ్యా, ప్రతి బాబాయీ మొదట చెప్పే మాట, "ముందు బ్రేకు జోలికి పోకు, పల్టీ కొడతావ్." ఈ మాట ఎంతమందిని ఆస్పత్రిపాలు చేసిందో నాకు లెక్క తెలియదు గాని, ఇంతకంటే హాని చేసే సలహా ఇంకోటి లేదు. బ్రేకు వేసినప్పుడు బండి బరువూ మన బరువూ ముందు చక్రం మీదికి వస్తాయి. వెనక చక్రం తేలికపడుతుంది. తేలికపడిన చక్రాన్ని ఎంత నొక్కినా అది రోడ్డుని పట్టుకోదు, జర్రున జారుతుంది. బండిని ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. పల్టీ కొట్టేది ముందు బ్రేకు వేసినందుకు కాదు, ఒక్కసారిగా గుంజినందుకు, మలుపులో గుంజినందుకు. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి గట్టిగా నొక్కడం నేర్చుకోవాలి. అది గ్రౌండులో, 20 కిలోమీటర్ల వేగంలో, మళ్లీ మళ్లీ చేస్తేనే వస్తుంది. 40లో వెళ్తున్న బండికి ఆగడానికి పట్టే దూరం కంటే 60లో వెళ్తున్న బండికి బ్రేకు పట్టిన దగ్గర్నుంచి రెండుంపావు రెట్లు దూరం కావాలి. బ్రేకు మీద చెయ్యి పడేలోపు గడిచే ఒక సెకనులోనే 60 మీద 16 మీటర్లు పైగా పోతాం.

2019 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి కొత్త బండికీ 125 సీసీ వరకైతే సీబీఎస్, 125 దాటితే ఏబీఎస్ తప్పనిసరి అయ్యాయి. సీబీఎస్ అంటే వెనక బ్రేకు తొక్కినా ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. ముందు బ్రేకు భయం ఉన్నవాళ్లకి అది మేలే. కానీ గట్టిగా తొక్కితే చక్రం లాక్ అవడాన్ని అది ఆపదు. ఏబీఎస్ ఆపుతుంది. తడి రోడ్డు మీద, ఇసుక మీద, కోతల కాలంలో మన పల్లె రోడ్ల పొడవునా ఆరబోసిన వడ్ల మీద చక్రం లాక్ అయితే బండి నిలబడదు. ఇప్పుడు చిన్న బళ్లలోనూ ఏబీఎస్ దొరుకుతోంది. హీరో ఎక్స్‌ట్రీమ్ 125ఆర్‌లో 2024లో వచ్చింది. రంగుకీ, బ్లూటూత్ మీటర్‌కీ పెట్టే అదనపు డబ్బు దీనికి పెట్టండి. కనీసం ముందు చక్రానికి డిస్క్ ఉన్న వేరియంట్ తీసుకోండి. రెండు వైపులా డ్రమ్ బ్రేకులున్న బండి చవగ్గా వస్తుందని మొదటి బండిగా కొనకండి. ఆదా చెయ్యాల్సిన చోటు అది కాదు.

ఇంత బలం వద్దంటే మరి హైవే మీద ఎలా అని మా వాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ వాడు రోజూ వెళ్లేది తెనాలి నుంచి గుంటూరు వైపు కాలేజీకి. ఆ దారిలో పాల క్యాన్ల బళ్లు, ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే ఆటోలు, వెనక లైటు లేని గడ్డి ట్రాక్టర్లు, రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్లు. అక్కడ 50 దాటి నడపడమే తెలివితక్కువ. హైదరాబాద్ వెళ్లి స్థిరపడతాడనుకుందాం. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు. మెహిదీపట్నం నుంచి ఎయిర్‌పోర్టు వైపు వెళ్లే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ రానివ్వరు. వేగంగా వెళ్లడానికి వీలున్న రోడ్లు బండికి మూసే ఉన్నాయి. 125 సీసీ బండి ఖాళీ రోడ్డు మీద 80 వరకు హాయిగా వెళ్తుంది. అరకు ఘాట్ ఎక్కడానికి కూడా సరిపోతుంది, కాకపోతే సెకండ్ గేరులో ఓపిగ్గా ఎక్కాలి. దిగేటప్పుడు కూడా అదే గేరులో, బ్రేకుల మీద పడకుండా, ఇంజన్ పట్టుతో దిగడం నేర్చుకుంటారు. ఆ విద్య తర్వాత ఏ పెద్ద బండి మీదైనా పనికొస్తుంది.

మా ఊళ్లో పిల్లలకి ఈత నేర్పేటప్పుడు నడుముకి ఎండు సొరకాయ బుర్ర కట్టి బావిలో దింపేవాళ్లు. ఈత వచ్చాక దాన్ని విప్పేసేవాళ్లు. సొరకాయ బుర్రతో దిగడం నామోషీ అని ఎవరూ అనుకోలేదు. 125 బండి కూడా మా వాడికి అలా కనిపించాలని నా ఆరాటం.

మా చెల్లెలి అభ్యంతరం వేరు. "రెండేళ్లకోసారి బండి మార్చడానికి మనమేమైనా జమీందార్లమా అన్నయ్యా? ఏదో ఒకసారి మంచిది కొనిపడేస్తే వాడి పెళ్లిదాకా ఉంటుంది" అంది. మధ్యతరగతి ఇళ్లలో అందరూ ఇలాగే ఆలోచిస్తారు, అందుకే మొదటి బండే చివరి బండి అన్నట్టు ఉన్నంతలో పెద్దది కొనేస్తారు. లెక్క మాత్రం అటు తిరగదు. కొత్తవాడి చేతిలో బండి కచ్చితంగా పడుతుంది. 125 పడితే ఇండికేటరు, లివరు, ఫుట్ రెస్టు మారిస్తే సరిపోతుంది, ఆ పార్టులు ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. స్పోర్ట్స్ బండి పడితే పక్క ప్యానెళ్లు పగులుతాయి, పార్టు కోసం సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి. పెట్రోలు తేడా సరేసరి. పైగా స్ప్లెండర్, షైన్ లాంటి బళ్లకి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. రెండేళ్లు వాడి అమ్మినా పెట్టిన డబ్బులో పెద్ద భాగం తిరిగొస్తుంది.

అసలు సెకండ్ హ్యాండ్‌దే తీసుకుంటే ఇంకా మంచిది. నేను చెప్పేది ఒకటే, 2019 ఏప్రిల్ తర్వాత తయారైన బండి చూడండి, కనీసం సీబీఎస్ అయినా ఉంటుంది. చూడటానికి పొద్దున్నే వెళ్లండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చల్లటి ఇంజన్‌తో స్టార్ట్ అవడానికి మొరాయిస్తోందేమో అనుమానించండి. ముందు నిలబడి చూస్తే హ్యాండిలూ ముందు చక్రమూ ఒకే వరసలో ఉండాలి. వంకరగా ఉంటే ఎక్కడో గట్టిగా గుద్దిన బండి. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చదవండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబర్ బండి మీద ఉన్నదానితో సరిపోవాలి. ఫైనాన్స్ మీద కొన్నదైతే ఎన్‌ఓసీ, అంటే అప్పు తీరిపోయిందని ఫైనాన్స్‌వాళ్లు ఇచ్చే కాగితం, అడగండి. పెండింగ్ చలాన్లు చూసుకోండి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని పేరు మార్పించేదాకా నిద్రపోకండి. తెలిసినవాళ్లే కదా అని పేరు మార్చకుండా తిప్పితే యాక్సిడెంట్ అయిన రోజు అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఇద్దరూ కోర్టు మెట్లెక్కుతారు.

మిగిలిన డబ్బుతో హెల్మెట్ కొనండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతోంది. అందులో దాదాపు 44.5 శాతం టూవీలర్ మీద ఉన్నవాళ్లే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. వాళ్లలో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, తలకి బిగుతుగా పట్టాలి, గడ్డం కింద పట్టీ పెట్టుకుని రెండు చేతులతో వెనక నుంచి పైకి లాగినా ఊడి రాకూడదు. మే నెల ఎండలో గుంటూరులో హెల్మెట్ పెట్టుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేనూ రోజూ పెట్టుకుంటున్నాను. గాలి దూరే రంధ్రాలున్నది తీసుకుని లోపల పల్చటి కాటన్ టోపీ వేసుకోండి. ఇంటికి ఒక హెల్మెట్ అని లెక్క వేయకండి, బండికి రెండు కావాలి.

మొదటి మూడు నెలలు వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దని కూడా మా వాడికి చెప్పాను. ఈ విషయంలో వాళ్లమ్మ నా పక్షం, ఎందుకంటే మొదట ఎక్కాల్సింది తనే. స్నేహితులు "దింపెయ్‌రా" అని అడిగితే కాదనడం వాడికి బండి నడపడం కంటే కష్టం అవుతుందని తెలుసు. అయినా వెనక 60 కిలోల మనిషి కూర్చున్నాక బ్రేకు మారుతుంది, మలుపు మారుతుంది, నేర్చుకున్నదంతా మళ్లీ మొదటికి వస్తుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్ సంగతి అడిగేవాళ్లకి ఒక్క మాట. గేర్లు లేవు కాబట్టి తేలిక అనుకోకండి. మోటారు కదిలిన క్షణం నుంచే బలంగా లాగుతుంది. ఎకో మోడ్‌లో నేర్చుకుంటే మంచి బండే. కానీ గేర్ల బండి నడపాలన్నది మీ కోరికైతే అది వేరే విద్య.

ఇంటింటా మావయ్యలు కూర్చుని మేనల్లుళ్లకి నచ్చజెప్పడం మీద ఈ వ్యవహారం నడవకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది. లైసెన్స్ వచ్చిన మొదటి రెండేళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బండి నడపకూడదని చట్టంలో రాస్తే సరిపోతుంది. 15 ఎందుకంటే మన మార్కెట్‌లో ఉన్న 100, 125 బళ్లన్నీ, 150ల్లో మెత్తటివీ అందులోనే వస్తాయి. పేదవాళ్లకి భారం పడదు, పాలు పోసేవాళ్ల బండికీ, పార్శిళ్లు మోసే కుర్రాళ్ల బండికీ అడ్డు రాదు. అమలు చెయ్యలేరని కొందరంటారు, బండి తండ్రి పేరు మీద కొని కొడుకు నడుపుతాడని. నిజమే, నడుపుతాడు. కానీ బండి వివరాలు వాహన్‌లో ఉన్నాయి, లైసెన్స్ వచ్చిన తేదీ సారథిలో ఉంది. ఈ రెండూ కేంద్రం నడిపే రికార్డులే. హెల్మెట్ లేదని బండి ఆపిన కానిస్టేబుల్ చేతిలో చలాన్ మెషిన్ ఉంటుంది. అందులో బండి నంబరూ లైసెన్స్ నంబరూ కొట్టగానే ఈ లైసెన్స్‌కి రెండేళ్లు నిండలేదు, ఈ బండి 25 హార్స్‌పవర్ అని చూపించేలా ఆ రెండు రికార్డులనీ కలపవచ్చు.